పద్దు కుదిరితే చాలదు: పెద్ద స్టోరేజీ సర్వర్‌లో ఫైల్‌సిస్టమ్ మరమ్మతు

వంద టీబీల లైనక్స్ స్టోరేజీ సర్వర్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ఉన్నట్టుండి తనను తాను మూసేసుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ రాసే లాగ్ తెరిస్తే మెటాడేటా (ఫైళ్ల గురించిన సమాచారం) పాడైందని ఒక వరుస, పాడైన బ్లాకులోని మొదటి 128 బైట్ల హెక్స్ అచ్చు, దాంతోపాటు అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి విడదీసి) ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ అనే మరమ్మతు ప్రోగ్రామ్ నడపమనే సలహా కనిపిస్తాయి. సలహా ఇస్తున్నది కెర్నలే కాబట్టి చాలామంది నిర్వాహకులు ఆ ఆదేశాన్ని అక్కడికక్కడే నడిపేస్తారు. అయితే ఆ వాక్యం రాసిన కెర్నల్‌కు తెలిసిందల్లా, చదివిన బ్లాకు ఉండవలసిన రీతిలో లేదన్న సంగతి మాత్రమే. డిస్క్ తప్పు చదివిందా, పలు డిస్కులను ఒకటిగా కలిపే రెయిడ్ సెట్‌లో పాతబడిన డిస్క్ ఒకటి చొరబడిందా, మెమరీలో బిట్ తిరగబడిందా, లేక ఫైల్‌సిస్టమ్ కోడ్‌లోనే లోపం ఉందా అన్నది దానికి తెలియదు. ఇందులో మొదటి మూడింటిలో ఏ ఒక్కటి నిజమైనా, ఆ స్థితిలో నడిపిన రిపేర్ ఉన్నదాన్ని బాగుచేయకపోగా మిగిలినదాన్ని కూడా చెరుపుతుంది.

దీనికి కారణం అర్థం కావాలంటే మరమ్మతు ప్రోగ్రామ్ అసలు దేన్ని మరమ్మతు చేస్తుందో ముందు చూడాలి. ఫైల్‌సిస్టమ్‌ను ఒకదానితో ఒకటి సరిపోలవలసిన కొన్ని ఖాతాల కట్టగా ఊహించుకోవచ్చు. ఏ ఫైలు ఏ బ్లాకుల్లో ఉందో ఐనోడ్ చెబుతుంది. ఏ బ్లాకులు ఖాళీగా ఉన్నాయో ఖాళీ స్థలపు పట్టిక చెబుతుంది. ఏ పేరు ఏ ఐనోడ్‌కు చెందుతుందో డైరెక్టరీ చెబుతుంది. ఒక ఐనోడ్‌కు ఎన్ని పేర్లున్నాయో ఐనోడ్‌లోని లింకుల లెక్క చెబుతుంది. ఒకే బ్లాకును ఐనోడ్ తనదంటూ, పట్టిక అది ఖాళీ అంటూ ఉంటే పద్దు కుదరలేదన్నమాట. మరమ్మతు ప్రోగ్రామ్ పని ఈ పద్దులను కుదర్చడం. వాటిలో ఏది నిజమో తేల్చే సాక్ష్యం దాని దగ్గర చాలాసార్లు ఉండదు కాబట్టి, తేలని చోట ఒక పద్దును కొట్టివేసి లెక్క సరిచేస్తుంది. అందులో కొట్టివేతకు గురైన పద్దు ఒక ఫైలు కావచ్చు, లక్ష ఫైళ్లున్న డైరెక్టరీ కావచ్చు. ప్రోగ్రామ్ దృష్టిలో రెండూ ఒక్కటే. రిపేర్ విజయవంతంగా ముగిసిందంటే ఫైల్‌సిస్టమ్‌లో వైరుధ్యాలు లేవని అర్థం తప్ప, డేటా అంతా తిరిగి వచ్చిందని కాదు.

పైగా ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లోనూ, లైనక్స్‌లోని మరో ఫైల్‌సిస్టమ్ అయిన ఎక్స్‌ట్4లోనూ చెక్‌సమ్‌లు (డేటా మారితే పట్టిచ్చే లెక్క సంఖ్యలు) మెటాడేటాకే ఉంటాయి, ఫైళ్లలోని అసలు డేటాకు ఉండవు. కనుక ఒక వీడియో మధ్యలో 64 కేబీల మేర మరో ఫైలు ముక్క వచ్చి కూర్చున్నా, ఆ వీడియోకు సంబంధించిన పద్దులన్నీ సరిగ్గానే ఉంటే రిపేర్‌కు అందులో తప్పేమీ కనిపించదు.

అందుకే పరిశీలన ఎప్పుడూ అడుగు నుంచి మొదలవ్వాలి: డిస్కులు, కేబుళ్లు, కంట్రోలర్, రెయిడ్, ఆ తరువాతే ఫైల్‌సిస్టమ్. అడుగు పొరల్లో నిశ్శబ్దంగా తప్పులు జరగడం అరుదైన విషయమేమీ కాదు. 2008లో స్టోరేజీ పరిశోధనల సదస్సు అయిన ఫాస్ట్‌లో వెలువడిన ఒక అధ్యయనం 15.3 లక్షల డిస్కులను 41 నెలలపాటు పరిశీలించి, 4 లక్షలకు పైగా చెక్‌సమ్ పొసగని సందర్భాలను నమోదు చేసింది. ఇవి డిస్క్ తానుగా లోపమని చెప్పిన సందర్భాలు కావు. బాగానే చదివానని చెబుతూ తప్పు డేటా అందించినవి.

లాగ్‌లోని ఆ 128 బైట్ల హెక్స్ అచ్చును చాలామంది దాటేసి పోతారు కానీ, రోగనిర్ధారణకు అంతకంటే చౌకైన ఆధారం మరొకటి లేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఐదో వెర్షన్ రూపంలో ప్రతి మెటాడేటా బ్లాకూ తన రకాన్ని తెలిపే ముద్రాక్షరాలతోపాటు తన చెక్‌సమ్‌ను, తాను డిస్క్‌పై ఉండవలసిన బ్లాకు సంఖ్యను, తన యజమాని సంఖ్యను, ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీని తనలోనే మోస్తుంది. అచ్చులో అన్నీ సున్నాలే ఉంటే ఆ రాత డిస్క్‌కు చేరనేలేదనో, ఎవరో ఆ స్థలాన్ని తుడిచేశారనో అనుమానించాలి. ముద్రాక్షరాలు సరిగ్గా ఉండి, లోపల రాసి ఉన్న బ్లాకు సంఖ్య మాత్రం వేరేదైతే, ఆ బ్లాకు నిజమైనదే కానీ చోటు తప్పింది. రెయిడ్‌లో డిస్కుల వరుస మారినప్పుడు సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉండి చెక్‌సమ్ ఒక్కటే పొసగకపోతే ఒకటి రెండు బిట్లు తిరగబడి ఉండవచ్చు, అప్పుడు సర్వర్ మెమరీని పరీక్షించకుండా ముందుకు పోకూడదు. ఇక మెటాడేటా ఉండవలసిన చోట ఏదో ఫొటో ఫైలు ముక్కో, లాగ్ ఫైలులోని అక్షరాలో కనిపిస్తే, రెండు రాతలు ఒకే చోట పడ్డాయన్నమాట. పాడైన చోట్ల చిరునామాలను ఒక కాగితంపై వరుసగా రాసుకుని చూస్తే ఒక్కోసారి వాటి మధ్య దూరం రెయిడ్ చంక్ (ఒక్కో డిస్క్‌పై వరుసగా రాసే ముక్క) పరిమాణానికి గుణిజాలుగా తేలుతుంది. అప్పుడు దోషి ఫైల్‌సిస్టమ్ కాదు, ఒకానొక డిస్క్.

డిస్కుల సంగతి, అవి తమ ఆరోగ్యం గురించి తామే రాసుకునే స్మార్ట్ పట్టికలో కొంతవరకు తెలుస్తుంది. 5వ లక్షణం మార్చివేసిన సెక్టార్లను, 197వది చదవలేక మార్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లను, 199వది కేబుల్ దారిలో వచ్చిన లోపాలను లెక్కిస్తాయి. 199 పెరుగుతూ, మిగతా రెండూ సున్నా దగ్గరే ఉంటే డిస్క్‌ను మార్చడం వృథా. చూడవలసింది కేబుల్‌ను, బ్యాక్‌ప్లేన్‌ను. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో ప్రతి డిస్క్‌పైనా ఉండే ఈవెంట్ల లెక్క ఇంకా ముఖ్యం. అన్ని డిస్కులపై ఆ సంఖ్య ఒకటే ఉండి, ఒక్క డిస్క్‌పై మాత్రం వేలల్లో తక్కువగా ఉంటే, అది ఎప్పుడో సెట్ నుంచి జారిపోయి నేటి స్థితి తెలియకుండా ఉండిపోయిందని అర్థం. దాన్ని బలవంతంగా కలిపి సెట్‌ను లేపితే నిన్నటి బ్లాకులు, నెల కిందటి బ్లాకులు ఒకే ఫైల్‌సిస్టమ్‌లో కలగలిసిపోతాయి.

ఈ దశలో జరిగే పొరపాట్లలో కోలుకోలేనిది రెయిడ్‌ను మళ్లీ సృష్టించడం. సెట్ లేవడం లేదని క్రియేట్ ఆదేశం ఇస్తే, లైనక్స్ రెయిడ్‌ను నడిపే ఎండీఅడ్మ్ ప్రోగ్రామ్ ప్రస్తుత వెర్షన్‌లోని డిఫాల్టులు పాత సెట్‌ను కట్టినప్పటి డిఫాల్టులే కావాలన్న నియమం లేదు. ఒకప్పుడు 64 కేబీలుగా ఉన్న డిఫాల్ట్ చంక్ తరువాత 512 కేబీలైంది, 0.90 రకం రెయిడ్ మెటాడేటా డిస్క్ చివర ఉండేది, 1.2 రకం మొదటి నుంచి 4 కేబీల దూరంలో ఉంటుంది. ఒక్క విలువ తప్పినా సెట్ చక్కగా లేస్తుంది, కానీ లోపల ఫైల్‌సిస్టమ్ కనిపించదు. ఈలోగా సింక్ మొదలై ప్యారిటీ (పోయిన డేటాను తిరిగి లెక్కగట్టేందుకు ఉంచే అదనపు సమాచారం) తిరగరాయడం జరిగిపోతూ ఉంటుంది. ప్యారిటీ తనిఖీలోనూ ఇలాంటి ఉచ్చు ఒకటుంది. చెక్ అనే పని పొసగని చోట్లను లెక్కించి ఊరుకుంటుంది. రిపేర్ అనే పని డేటా నిజమని నమ్మి ప్యారిటీని దానికి తగ్గట్టు తిరగరాస్తుంది. తప్పింది డేటాయే అయితే, దాన్ని సరిచేయడానికి పనికొచ్చే చివరి ఆధారం ఆ రాతతో పోతుంది.

సాఫ్ట్‌వేర్ లోపాలను కూడా లెక్కలో ఉంచుకోవాలి. 2023 డిసెంబరులో 6.1.64 కెర్నల్‌లోని ఎక్స్‌ట్4 డేటా పాడయ్యే లోపం వల్ల డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ 12.3 విడుదలను ఆపవలసి వచ్చింది. సమస్య కెర్నల్ అప్‌డేట్ తరువాతే మొదలైతే, హార్డ్‌వేర్‌ను విప్పేముందు ఆ వెర్షన్ గురించి తెలుసుకోవడం మేలు.

అడుగు పొరలు నిలకడగా ఉన్నాయని తేలాక కూడా అసలు డిస్కులపై రాత మొదలుపెట్టకూడదు. చిన్న సర్వర్ అయితే మొత్తం డిస్క్‌ను మరో డిస్క్‌కు నకలు తీసి నకలుపై పనిచేయమని సులువుగా చెప్పవచ్చు. వంద టీబీల విషయంలో ఆ మాట చెప్పడం తేలిక, చేయడం కష్టం. అంత ఖాళీ స్థలం అప్పటికప్పుడు దొరకదు. 16 టీబీల ఒక్క డిస్క్‌నే సెకనుకు 250 ఎంబీల చొప్పున మొదటి నుంచి చివరి వరకు చదవడానికి దాదాపు 18 గంటలు పడుతుంది. కాబట్టి చదవలేని సెక్టార్లు బయటపడిన డిస్కులను మాత్రమే డీడీరెస్క్యూతో నకలు తీయడం ఆచరణలో ఉన్న రాజీమార్గం. ఆ ప్రోగ్రామ్ బాగున్న భాగాలను ముందు చదివేసి, మొండికేసిన చోట్లకు తరువాత తిరిగి వస్తుంది. ఎక్కడివరకు వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మళ్లీ మొదటికి రాదు. బలహీనపడిన డిస్కుతో రెయిడ్ పునర్నిర్మాణం మొదలుపెట్టడం మూలిగే నక్క మీద తాటిపండు వేయడమే: పునర్నిర్మాణానికి మిగతా డిస్కులన్నిటినీ ఆసాంతం చదవాలి, ఆ చదువులోనే రెండో డిస్క్ కూడా చేతులెత్తేయడం తరచుగా జరిగేదే.

మిగిలిన డిస్కులకు ఓవర్‌లే చాలు. ప్రతి డిస్క్‌ను చదవడానికి మాత్రమే అనుమతించేలా అమర్చి, దానిపై డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్ ఒకటి పరుస్తారు. రాతలన్నీ వేరే చోట ఉన్న, రాసినంత మేరకే చోటు తీసుకునే ఒక స్పార్స్ ఫైలులోకి పోతాయి; చదువులు మాత్రం, ఆ చోట కొత్త రాత లేనంతవరకు, అసలు డిస్క్ నుంచే వస్తాయి. ఈ ఓవర్‌లేలతోనే రెయిడ్ సెట్‌ను లేపి, వాటిపైనే రిపేర్ నడిపి, ఫలితం చూసి, నచ్చకపోతే స్పార్స్ ఫైళ్లను చెరిపేస్తే డిస్కులు యథాస్థితిలో ఉంటాయి. రిపేర్ రాసేది మెటాడేటానే కాబట్టి ఓవర్‌లే ఫైళ్లు సాధారణంగా అసలు పరిమాణంలో చిన్న భాగానికి మించవు. ఈ ఏర్పాటుకు గంటో రెండు గంటలో పడుతుంది. సర్వర్ ఆగిపోయి అందరూ ఎదురుచూస్తున్న వేళ ఆ రెండు గంటలు దండగలా అనిపిస్తాయి కానీ, రెండోసారి ప్రయత్నించే అవకాశం ఉండడానికీ లేకపోవడానికీ తేడా అక్కడే ఉంది.

ఇక్కడ జర్నల్ (ఎక్స్‌ఎఫ్‌ఎస్ దీన్నే లాగ్ అంటుంది, ఇది కెర్నల్ లాగ్ కాదు) గురించి ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ మరమ్మతుల్లో అత్యధిక నష్టం ఇక్కడే జరుగుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ నడిపితే అది తరచుగా మొదటి అడుగులోనే నిరాకరిస్తుంది: లాగ్‌లో ఇంకా అమలుకాని మార్పులున్నాయి, ముందు మౌంట్ చేసి వాటిని అమలు కానివ్వండి, మౌంట్ కాకపోతేనే పెద్ద ఎల్ ఐచ్ఛికంతో లాగ్‌ను చెరిపేయండి అని దాని సందేశం. తొందరలో ఉన్న కళ్లకు ఆ సందేశంలో చివరి ఐచ్ఛికం ఒక్కటే కనిపిస్తుంది. పాత లెక్కల పద్ధతిలో చెప్పాలంటే జర్నల్ అనేది చిట్టా, డిస్క్‌పై చెట్ల రూపంలో ఉన్న మెటాడేటా ఆవర్జా. ఆరోజు జరిగినవన్నీ చిట్టాకెక్కాయి, అందులో కొన్నే ఆవర్జాలోకి దిగాయి. ఇప్పుడు చిట్టాను చింపేస్తే పోయేది చివరి కొద్ది నిమిషాల లావాదేవీలు మాత్రమే కాదు. సగం దిగి సగం దిగని లావాదేవీలు ఆవర్జాలో వైరుధ్యాలుగా మిగులుతాయి. రిపేర్ ఆ తరువాత వాటిని లోపాలుగా చూసి కొట్టివేయడం మొదలుపెడుతుంది. లాగ్ అమలై ఉంటే ఏ ఇబ్బందీ లేకుండా ఉండే డైరెక్టరీలు అలా లాస్ట్ ప్లస్ ఫౌండ్ (చోటు తెలియనివాటిని చేర్చే డైరెక్టరీ) పాలవుతాయి.

కాబట్టి ముందు మౌంట్ చేసి చూడాలి, అదీ ఓవర్‌లే మీద. మౌంట్ విఫలమైతే నోరికవరీ ఐచ్ఛికంతో చదవడానికి మాత్రమే మౌంట్ చేసే దారి ఉంది. లాగ్‌ను అమలు చేయకుండా, చెరపకుండా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కొన్ని డైరెక్టరీలు తెరుచుకోవు, కొన్ని ఫైళ్లు చదివేటప్పుడు లోపాలిస్తాయి. అయినా బ్యాకప్‌లో లేని తాజా ఫైళ్లను కాపీ చేసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. రిపేర్ తరువాత ఈ ఫైళ్లలో కొన్ని ఉండకపోవచ్చు. ఎక్స్‌ట్4లో ఇదే పనికి నోలోడ్ ఐచ్ఛికం ఉంది. లాగ్‌ను చెరపడం తప్పనిసరయ్యే సందర్భాలు లేకపోలేదు; లాగ్ బ్లాకులే పాడైతే వేరే దారి ఉండదు. కానీ అది నాలుగో ప్రయత్నం కావాలి, మొదటిది కాదు.

ఓవర్‌లే కట్టడానికి వీలుకాని చోట, లేదా రిపేర్ ఎంత చెరుపుతుందో ముందే అంచనా వేయదలచినప్పుడు, మెటాడంప్ ఉపయోగపడుతుంది. ఇది ఫైళ్ల డేటాను వదిలేసి మెటాడేటాను మాత్రమే ఒక ఫైలులోకి తీస్తుంది. ప్రత్యేకంగా వద్దనకపోతే ఫైళ్ల పేర్లను కూడా మరుగుపరుస్తుంది, ఇతరులకు పంపవలసి వస్తే అది మంచిదే. దాన్ని మరో యంత్రంలో స్పార్స్ ఇమేజిగా విప్పి, ఆ ఇమేజి మీద రిపేర్ నడిపితే అసలు సర్వర్‌ను తాకకుండానే ఫలితం తెలుస్తుంది. ఇందులో ఒక చిక్కుంది, దీన్ని మొదటిసారి ఎదుర్కొన్నవారికి కారణం వెంటనే తట్టదు. విప్పిన ఇమేజి డిస్క్‌పై కొద్ది జీబీలే ఆక్రమించినా, దాని పైకి కనిపించే పరిమాణం వంద టీబీలు. 4 కేబీల బ్లాకులున్న ఎక్స్‌ట్4లో ఒక ఫైలు 16 టీబీలకు మించకూడదు. కనుక ఆ ఇమేజిని విప్పడానికి ఎక్స్‌ట్4 పనికిరాదు, మరో ఎక్స్‌ఎఫ్‌ఎస్ కావాలి.

రిపేర్ నడిపే యంత్రంలో మెమరీ ఎంత ఉండాలన్నది తరువాతి ప్రశ్న. వంద టీబీలను 4 కేబీల బ్లాకులుగా విభజిస్తే దాదాపు 2,684 కోట్ల బ్లాకులు వస్తాయి. బ్లాకుకు ఒక్క బిట్ చొప్పున వాడకపు పట్టిక వేసినా 3 జీబీలు దాటుతుంది. ఐనోడ్ల స్థితి, డైరెక్టరీల తల్లిదండ్రుల సంబంధాలు, లింకుల లెక్కలు వేరే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ విషయంలో అంచనాకు ఒక ఉపాయం ఉంది: మార్పులు చేయని విధానంలో, మెమరీ పరిమితిని కావాలనే 1 ఎంబీగా ఇచ్చి, వివరంగా మాట్లాడమని అడిగితే, అది చాలదని చెబుతూ కనీసం ఎంత కావాలో తానే అచ్చువేస్తుంది. ఎక్స్‌ట్4 ప్రోగ్రామ్‌కు మెమరీ చాలకపోతే పట్టికలను డిస్క్‌పై తాత్కాలిక ఫైళ్లలో ఉంచమని కాన్ఫిగరేషన్‌లో చెప్పవచ్చు, కానీ అప్పుడు పని నత్తనడక నడుస్తుంది.

వెర్షన్ కూడా పట్టించుకోవాలి. ఐదేళ్ల కిందటి డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన రిపేర్‌కు, ఆ ఐదేళ్లలో బయటపడి సరిచేసిన లోపాలు తెలియవు. కొత్త లైవ్ ఇమేజితో సర్వర్‌ను బూట్ చేసి, అందులోని తాజా ప్రోగ్రామ్‌ను వాడడం మంచిది. నడిపేది టీమక్స్ లాంటి సెషన్‌లో అయి ఉండాలి, అచ్చంతా ఒక ఫైలులోకి పోవాలి. ఇరవై గంటల పని నెట్‌వర్క్ కనెక్షన్ తెగినందుకు ఆగిపోకూడదు.

ఇక రిపేర్ నడక. ఎక్స్‌ఎఫ్‌ఎస్ 1993లో సిలికాన్ గ్రాఫిక్స్‌లో పెద్ద డిస్కుల కోసమే మొదలైంది. 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7లో డిఫాల్ట్ అయింది. దాని స్థలం కేటాయింపు గ్రూపులుగా విభజించి ఉంటుంది, ఒక్కో గ్రూపు గరిష్ఠంగా 1 టీబీ. ప్రతి గ్రూపుకూ సొంత ఖాళీ స్థలపు చెట్లు, సొంత ఐనోడ్ చెట్టు, ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలుండే సూపర్‌బ్లాక్ నకలు ఉంటాయి. రిపేర్ మొదటి దశలో సూపర్‌బ్లాక్‌ను పరీక్షిస్తుంది. అది పాడై ఉంటే ప్రత్యామ్నాయ సూపర్‌బ్లాక్ కోసం డిస్క్ అంతా వెతుకుతూ తెరపై చుక్కలు పెట్టుకుంటూ పోతుంది. ఆ చుక్కలు గంటల తరబడి సాగడం చూసి ఓపిగ్గా కూర్చునేవారు ఎక్కువ. నిజానికి చుక్కలు ఆగకుండా వస్తున్నాయంటే ఆపేయమని సంకేతమే అనుకోవాలి. వంద గ్రూపుల్లోని వంద నకళ్లూ ఒకేసారి పాడవడం దాదాపు జరగదు. తప్పు పార్టిషన్‌నో, తప్పు వరుసలో కట్టిన రెయిడ్‌నో చూపించి ఉండే అవకాశమే ఎక్కువ.

రెండో దశ లాగ్‌ను, ఖాళీ స్థలపు పట్టికలను చూస్తుంది. మూడోది గ్రూపులవారీగా ఐనోడ్లన్నిటినీ చదువుతుంది, పెద్ద సర్వర్లలో ఎక్కువ కాలం ఇక్కడే గడుస్తుంది. పది కోట్ల ఫైళ్లున్నాయనుకుంటే, ఐనోడ్లు 64 చొప్పున గుత్తులుగా ఉంటాయి కాబట్టి, 15.6 లక్షల గుత్తులు చదవాలి. సెకనుకు 150 విడివిడి చదువులు చేసే ఒకే డిస్క్‌పై ఇవన్నీ చెదిరి ఉంటే అదొక్కటే దాదాపు 3 గంటల పని. పలు డిస్కులు, ముందస్తు చదువు, సమాంతర థ్రెడ్లు ఉన్నందున వాస్తవంలో ఇంతకన్నా త్వరగానే సాగుతుంది. నాలుగో దశ ఒకే బ్లాకును ఇద్దరు తమదనే సందర్భాలను తేలుస్తుంది. ఐదో దశలో గ్రూపుల చెట్లను తాను సేకరించిన సమాచారం నుంచి పూర్తిగా కొత్తగా కడుతుంది. ఈ దశ మధ్యలో కరెంటు పోతే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కొత్త వెర్షన్లు మార్పులు మొదలుపెట్టగానే రిపేర్ కావాలన్న గుర్తు పెట్టి, అది పూర్తయ్యేదాకా కెర్నల్ మౌంట్ చేయకుండా చూస్తాయి. ఆరోది డైరెక్టరీలను నడిచి, తల్లి దొరకని ఐనోడ్లను లాస్ట్ ప్లస్ ఫౌండ్‌కు చేరుస్తుంది. ఏడోది లింకుల లెక్క సరిచేస్తుంది.

నాలుగో దశలోని తగవును ఎక్స్‌ట్4 మరో రకంగా తీరుస్తుంది. ఒకే బ్లాకును రెండు ఫైళ్లు తమదంటే దాని ప్రోగ్రామ్ ఆ బ్లాకుకు నకలు తీసి చెరొకటి ఇస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంది, కానీ ఆ బ్లాకులో ఉన్నది ఒక ఫైలు డేటానే కాబట్టి రెండో ఫైలు ఇక నుంచి తప్పు డేటాతో, పైకి ఏ లోపమూ కనిపించకుండా బతుకుతుంది. అలాంటి ఐనోడ్‌ను చాలాసార్లు తుడిచేసే ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతి కఠినంగా తోచినా, ఏ ఫైలు పోయిందో తెలియడం ఒక రకంగా మేలు. ఎక్స్‌ట్4లో అనుకూలతలు కూడా ఉన్నాయి. సూపర్‌బ్లాక్ పోతే 4 కేబీల బ్లాకులున్న ఫైల్‌సిస్టమ్‌లో 32768వ బ్లాకు దగ్గర, ఆ తరువాత 98304 దగ్గర నకళ్లు దొరుకుతాయి. కొత్త వెర్షన్లలో తాను మార్చే బ్లాకుల పాత రూపాన్ని ఒక అన్‌డూ ఫైలులో దాచమని చెప్పవచ్చు. ఓవర్‌లే లేని చోట అది పెద్ద ఊరట. ప్రతి ప్రశ్నకూ ఔను అనేలా చిన్న వై ఐచ్ఛికం ఇచ్చేముందు, ఏమీ మార్చని విధానంలో ఒకసారి నడిపి ప్రశ్నలెన్నో లెక్కపెట్టడం అలవాటు చేసుకోవాలి. పది ప్రశ్నలు రావడం వేరు, పది లక్షలు రావడం వేరు. రెండోది అడుగు పొర తప్పుగా ఉందనడానికి గుర్తు.

మరో ఫైల్‌సిస్టమ్ అయిన జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఇలాంటి మరమ్మతు ప్రోగ్రామే లేదు. ఉన్న బ్లాకుపై రాయకుండా కొత్త చోట రాసి, డేటాకూ మెటాడేటాకూ చెక్‌సమ్‌లు ఉంచి, అంతా చదివి తనిఖీచేసే స్క్రబ్‌లో తేడా కనిపిస్తే మరో నకలు నుంచి సరిచేసుకోవడం దాని పద్ధతి. పూల్ (దాని డిస్కుల సముదాయం) దిగుమతి కాకపోతే, అంటే వాడకంలోకి రాకపోతే, చివరి కొద్ది లావాదేవీ గుంపులను వదిలి వెనక్కి వెళ్లే ఐచ్ఛికం ఉంది. వదిలేసిన బ్లాకులు త్వరలోనే మళ్లీ వాడకంలోకి వస్తాయి కాబట్టి ఎంత వెనక్కి వెళ్లగలమన్నదానికి హద్దుంది. ముందు చదవడానికి మాత్రమే దిగుమతి చేసి కాపీ చేసుకోవడం ఇక్కడా మొదటి దారే. ఇంకో ఫైల్‌సిస్టమ్ అయిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు రిపేర్ ఐచ్ఛికం ఉంది కానీ, దాన్ని అనుభవజ్ఞుల సలహా లేకుండా వాడవద్దని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది. నడిపితే పది సెకన్లు లెక్కపెట్టి మనసు మార్చుకునే గడువు కూడా ఇస్తుంది. అంతకన్నా రిస్టోర్ ఆదేశంతో ఫైళ్లను బయటకు లాగడం క్షేమం.

రిపేర్ ముగిశాక లాస్ట్ ప్లస్ ఫౌండ్ తెరిస్తే పేర్లకు బదులు అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు ఐనోడ్ సంఖ్యలు. చూడగానే గుండె జారినా, ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకుంటే పని సగానికి సగం తగ్గుతుంది: అనాథగా మిగిలిన ఐనోడ్ డైరెక్టరీ అయితే పోయింది దాని పేరొక్కటే, లోపలి ఫైళ్ల పేర్లు దానిలోనే భద్రంగా ఉంటాయి. కనుక మొదట డైరెక్టరీలను వేరుచేసి, లోపలి పేర్లు చూసి అవి ఎక్కడివో గుర్తించి, పాత చోటికి తరలించాలి. విడి ఫైళ్లను తొలి బైట్ల ముద్రలతో రకాలుగా విడదీయవచ్చు. పరిమాణం, యజమాని, తేదీ ఐనోడ్‌లోనే ఉంటాయి కాబట్టి పాత బ్యాకప్ జాబితాతో సరిపోల్చితే చాలావాటికి పేరు తిరిగి దొరుకుతుంది. ఆ జాబితా పాడైన ఫైల్‌సిస్టమ్‌లోనే ఉంటే మాత్రం చేసేదేమీ లేదు.

ఆ తరువాతి రోజుల్లో జరిగే పొరపాటు ఒకటుంది. రిపేర్ పూర్తయిందని సర్వర్‌ను వాడకంలోకి తెస్తారు. ఆ రాత్రే ఎప్పటిలాగే బ్యాకప్ పని నడుస్తుంది. మూలంలో లేని ఫైళ్లను గమ్యంలోనూ చెరిపేసే ఐచ్ఛికంతో అది నడిచేదైతే, రిపేర్ కొట్టివేసిన ఫైళ్ల మంచి నకళ్లు తెల్లారేసరికి బ్యాకప్‌లోంచీ మాయమవుతాయి. ఇదేమీ ఊహ కాదు. 2013 మార్చిలో లైనక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ ప్రాజెక్టు తన కోడ్ రిపాజిటరీలుండే గిట్ సర్వర్‌ను భద్రతా అప్‌డేట్ల కోసం ఆపి మళ్లీ లేపినప్పుడు ఎక్స్‌ట్4 పాడైనట్టు తేలింది. అద్దాలుగా ఉన్న ఇతర సర్వర్లు ప్రధాన సర్వర్‌లోని రిపాజిటరీల జాబితాను నమ్మేవి. పాడైన ఆ జాబితాను చూసి అవి తమ దగ్గరున్న నకళ్లను తామే చెరిపేసుకున్నాయి. సుమారు 1,500 రిపాజిటరీలు పోబోయి, వేరే పనికి కొత్తగా ఏర్పాటు చేసిన ఒక సర్వర్‌లో యాదృచ్ఛికంగా మంచి నకలు మిగిలి ఉండడంతో దక్కాయి.

అందుచేత రిపేర్ మొదలయ్యే ముందే బ్యాకప్, అద్దం పనులన్నిటినీ ఆపివేసి, పాత నకళ్ల గడువు ముగిసి తొలగిపోకుండా కూడా కట్టడి చేయాలి. రిపేర్ తరువాత ఫైల్‌సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ఫైళ్లను శా-256 చెక్‌సమ్‌లతో బ్యాకప్‌లోని వాటితో పోల్చాలి. పరిమాణం, తేదీ రెండూ సరిపోయి చెక్‌సమ్ మాత్రం తేడా వచ్చిన ఫైళ్లే ఈ పోలికలో బయటపడవలసినవి, ఎందుకంటే మామూలు సింక్ ప్రోగ్రామ్‌లు వాటిని మారనివిగా లెక్కగట్టి దాటిపోతాయి. తేడాలు పిడికెడైతే వాటిని బ్యాకప్ నుంచి మార్చుకుని సర్వర్‌ను తిరిగి వాడుకోవచ్చు. తేడాలు వేలల్లో ఉండి, అన్ని గ్రూపుల్లోనూ చెదిరి ఉంటే, రిపేర్ ఏ లోపమూ లేదని చెప్పినా ఆ ఫైల్‌సిస్టమ్‌ను డేటా బయటకు తీయడానికి మాత్రమే వాడి, డిస్కులను పరీక్షించి, కొత్త ఫైల్‌సిస్టమ్ కట్టి బ్యాకప్ నుంచి నింపడమే త్వరగా తేలే పని. అది పోగా మిగిలే ప్రశ్న, చివరి బ్యాకప్‌కూ సర్వర్ ఆగిన క్షణానికీ మధ్య చేరిన ఫైళ్ల సంగతి. నోరికవరీ మౌంట్‌తో మొదటే కాపీ చేసి పెట్టుకున్నవి అప్పుడు పనికొస్తాయి.